నక్షత్రాల పట్టభద్రురాలు

కవరు చించిన మరుక్షణమే హిమజకు తెలిసిపోయింది, తన పేరు మాయమైందని.

పట్టాకు బంగారు అంచు ఉంది. విశ్వవిద్యాలయం ముద్ర ఉంది. అడుగున ఉపకులపతి గారి సంతకం నాలుగు వంపులు తిరిగి మరీ ఉంది. మధ్యలో ఉండాల్సిన మనిషే లేదు. పేరు రాయాల్సిన చోట 'హి' అనే ఒక్క అక్షరం, దాని వెనక వరసగా నక్షత్రాలు. తండ్రి పేరు దగ్గర ఆ ఒక్క అక్షరం కూడా లేదు, అన్నీ నక్షత్రాలే. ఫొటోలో ముఖం ఆవిరి పట్టిన అద్దంలో చూసుకున్నట్టు ఉంది. 'ఉత్తీర్ణత శ్రేణి' అన్న మాటకు ఎదురుగా 'గోప్యం' అని ముత్యాల్లాంటి అక్షరాలతో అచ్చు వేశారు.

తండ్రి పెచ్చెట్టి వీర్రాజుది మోటార్ రివైండింగ్ దుకాణం. రాగితీగ చుట్టడం ఆపి, చేతులు లుంగీకి తుడుచుకుని, పట్టా అందుకుని చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇన్ని స్టార్లు ఇచ్చారేంటే! ఎదురింటి సత్తిబాబు గారమ్మాయికి ఇన్ని వచ్చుండవు."

"అవి మార్కులకిచ్చిన స్టార్లు కావు నాన్నా. నా పేరు దాచేశారు."

"ఎవరికి తెలీకుండా?"

"ఏమో మరి. నాకే అయ్యుంటుంది."

నవ్వుకుని ఊరుకునే పని కాదది. హైదరాబాదులో ఒక కంపెనీ హిమజకు ఉద్యోగం ఇచ్చింది. సోమవారం చేరాలి. శుక్రవారం సాయంత్రం అయిదులోగా పట్టాను కంపెనీ పోర్టల్‌లో పెట్టాలి. పెట్టకపోతే ఆ ఉద్యోగం వెయిటింగ్ లిస్టులో ఉన్న తర్వాతి మనిషికి వెళ్లిపోతుంది. అప్పటికే మంగళవారం మధ్యాహ్నం దాటింది. ఏదైతే అదే అవుతుందని ఆ నక్షత్రాలనే ఫొటో తీసి పంపింది. అరగంటలో కంపెనీ నుంచి ఫోను వచ్చింది.

"మేడమ్, మీరు పంపిన సర్టిఫికెట్ చూశాను" అంది అవతలి గొంతు. ఆవిడ పేరు మృణాళిని. ఉద్యోగుల కాగితాలు పరిశీలించడం ఆవిడ పని. "ఇది మీదేనని గ్యారంటీ ఏంటి?  మా తమ్ముడు హితేష్‌ది కూడా కావచ్చు. వాడు డిగ్రీ తప్పాడు, అయినా సరిపోతుంది."

"మరేం చేయాలి మేడమ్?"

"పేరున్న పట్టా కావాలి. శుక్రవారం అయిదు. ఆ తర్వాత పోర్టల్ దానంతటదే మూసుకుంటుంది, నా చేతుల్లో ఏం ఉండదు."

ఫోను పెట్టగానే టింగుమని ఒక మెసేజ్ వచ్చింది. 'పెచ్చెట్టి హిమజ గారికి, బి.ఎస్సీ. కంప్యూటర్స్ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులైన శుభ సందర్భంగా హృదయపూర్వక అభినందనలు. రానున్న మునిసిపల్ ఎన్నికల్లో మీ అమూల్యమైన ఓటు నాకే వేయగలరు. ఇట్లు, మీ చుండూరి బుల్లబ్బాయి.'

దాని వెనకే ఒక లోను యాప్, 'హిమజా, కొత్త ఉద్యోగానికి కొత్త బైక్ కొనవా?' అని అడిగింది. ఇంకో యాప్ ఆమె పాదం సైజు చెప్పి మరీ చెప్పులు చూపించింది.

"బుల్లబ్బాయికి నీ క్లాసు ఎలా తెలిసిందే?" అన్నాడు వీర్రాజు.

"అందరికీ తెలుసు నాన్నా. తెలియాల్సినవాళ్లకే తెలీదు."

జరిగిందేమిటంటే, ఉపకులపతి గారు ఆ మధ్య ఢిల్లీలో ఒక సదస్సుకు వెళ్లి వచ్చారు. వ్యక్తిగత సమాచార గోప్యత మీద సదస్సు. అక్కడ ఆయనకు ఒక శాలువా, ఒక జ్ఞాపిక, అంతులేని ఉత్సాహం ఇచ్చి పంపారు. శాలువా ఇంట్లో పెట్టి, ఉత్సాహం మాత్రం ఆఫీసుకు తెచ్చారు. వారం తిరగకుండా 'సమాచార గోప్యతా పరిరక్షణ విభాగం' వెలిసింది. దానికి సంచాలకుడిగా డాక్టర్ వేదాంతం శేషఫణిని వేశారు. శేషఫణి అంతకుముందు ఎండిన మొక్కల నమూనాల గదికి ఇన్‌చార్జి. దేన్నయినా గాజు పెట్టెలో పెట్టి తాళం వేయడంలో ఆయనకు సాటి లేదు.

* * *

బుధవారం పొద్దున్నే హిమజ విశ్వవిద్యాలయం గేటు దగ్గర దిగింది.

"అన్నా, నా పేరు..." అని మొదలుపెట్టిందో లేదో, సెక్యూరిటీ మనిషి రెండు చెవులూ మూసుకున్నాడు.

"చెప్పకండమ్మా! నిన్న ఒకాయన గబుక్కున ఇంటి పేరుతో సహా చెప్పేశాడు. నాకు మెమో ఇచ్చారు. పోయి లోపల కూర్చోండి. ఎవరితోనూ పరిచయం పెట్టుకోకండేం."

లోపల వరండాలో కుర్చీలన్నీ గోడ వైపు తిప్పి ఉన్నాయి. జనం గోడను చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి గుమాస్తా తలుపు తెరిచి పిలిచాడు.

"పేరు వెల్లడించరాని అభ్యర్థి ఎవరండీ? రండి!"

వరండా మొత్తం లేచి నిలబడింది.

"అబ్బే, మీరు కాదు. ఆ వెనకావిడ."

వెనకున్న ఆడవాళ్లంతా కదిలారు. వాళ్లలో వాళ్లు తోసుకుంటుండగా హిమజ మోచేతులతో దారి చేసుకుని అందరికంటే ముందు లోపలికి దూరింది. బల్ల మీద 'డా. శే' అన్న బోర్డు. దాని వెనక నల్ల కళ్లద్దాలతో శేషఫణి.

"దయచేసి ఆసీనులు కండి. మీ ముఖం స్పష్టంగా కనబడకుండా ఈ అద్దాలు ధరిస్తున్నాను. ఇది మీ హక్కు."

"సర్, నా పట్టాలో నా పేరు లేదు."

"అభినందనలు. విధానం సక్రమంగా అమలవుతున్నట్టు దాని అర్థం."

"నాకు పేరున్న పట్టా కావాలి సర్. మీ రికార్డులో నా వివరాలు ఉన్నాయిగా?"

"ఉన్నాయి. పరమ భద్రంగా ఉన్నాయి. ఎంత భద్రంగానంటే, మేం కూడా చూడలేనంత. సంకేతపదం పెట్టిన ఉద్యోగి పదవీ విరమణ చేశారు. వారి చిరునామా వ్యక్తిగత సమాచారం కాబట్టి మా దగ్గర లేదు."

హిమజ కుర్చీ ముందుకు జరుపుకుంది. "పోనీ నేనే చెప్తాను, రాసుకోండి. నా పేరు..."

"ఆగండి!" శేషఫణి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "మీరు చెప్పారంటే మీ సమాచారం నాకు లీకైనట్టు. లీకు జరిగితే విచారణ సంఘం వేయాలి. సంఘం వాళ్లకు మీ పేరు చెప్పాలి. అది ఇంకో లీకు."

"అయితే నా వివరాలు ఎవరికి చూపిస్తారు సర్?"

"ఎవరివో వారికి మాత్రమే."

"నావే కదండీ!"

"మీవేనని నిరూపించాలంటే మీ గుర్తింపు చూపాలి. గుర్తింపు అనేది వ్యక్తిగతం. దాన్ని చూడటం మాకు నిషిద్ధం. సమస్య మీకు అర్థమవుతోందనుకుంటాను."

సమస్య హిమజకు బాగానే అర్థమైంది.   మేడ మీద నుంచి దూకబోయే మనిషి కింద చెట్టుకొమ్మ కోసం చూసినట్టు చూస్తూ అడిగింది.

"మీ నియమాల్లో మినహాయింపు అన్నదే లేదా సర్?"

శేషఫణి ముఖంలో మొదటిసారి ప్రాణం కనిపించింది. నియమాల గురించి ఆయన్ను ఎవరూ ఇంత ఆప్యాయంగా అడగలేదు. ఒక పుస్తకం తీసి వేలితో వెతికాడు.

"ఉంది. బహిరంగ ప్రదేశంలో ఇప్పటికే ప్రదర్శితమై ఉన్న సమాచారం వ్యక్తిగతం కాదు. దాన్ని యథాతథంగా పట్టాపై ముద్రించవచ్చు."

హిమజ గబగబా ఫోను తీసింది. "ఇదిగోండి సర్, నా ఇన్‌స్టా. పేరు, ఫొటో, కాలేజీ, నేను నిన్న తిన్న పెసరట్టుతో సహా అన్నీ ఉన్నాయి."

"అంతర్జాలాన్ని మేం గుర్తించం. అక్కడ ఎవరైనా ఏదైనా రాస్తారు. బహిరంగ ప్రదేశం అంటే నేల ఉండాలి. ఎండ తగలాలి. మా సిబ్బంది వెళ్లి తలెత్తితే కనిపించాలి."

బయటికి వచ్చాక గుమాస్తా ఆమె పక్కన నడుస్తూ, గోడతో మాట్లాడుతున్నట్టు నెమ్మదిగా అన్నాడు. "ఇందులో అంత ఆలోచించేదేముందండీ. సెంటర్లో ఒక ఫ్లెక్సీ కట్టించుకోండి."

* * *

హిమజ సొంతూరు కొత్తలంక గడియారం సెంటర్లో ఆదిబాబుది ఫ్లెక్సీల దుకాణం. ఊళ్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా, ఎవరు ఎవరికి పదవి ఇచ్చినా ఆదిబాబు మిషను మీదుగానే జరగాలి. హిమజ చెప్పింది విని ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వేయడానికేం, గంటలో వేసేస్తానండి. కట్టడానికే చోటు లేదు. సెంటర్లో స్తంభాలన్నీ నాయకులయ్యండి. ఎలక్షన్ నోటిఫికేషన్ ఇవాళో రేపో అంటున్నారు కదా, కాకి వాలటానిక్కూడా ఖాళీ లేదు. ఆయ్."

"ఒక్క మూల చాలు అన్నయ్యా."

"పైగా నాయకుడి ఫొటో లేకుండా ఫ్లెక్సీ అంటే నా మిషను కూడా నమ్మదండి. ఓ పని చెయ్యి చెల్లెమ్మా. బుల్లబ్బాయి గారిని అడుగు. ఆయనకి యువత కావాలి."

బుల్లబ్బాయి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల చెప్పులతో ఆయన ఎదురొచ్చాడు.

"రా అమ్మా హిమజా! నాన్నగారి మోకాలు నొప్పి తగ్గిందా? నీకు పనస తొనలు పడవు కదూ? ఒరేయ్, అమ్మాయిగారికి పనస కాకుండా ఇంకేదైనా పెట్టండ్రా!"

 "ఇవన్నీ మీకెలా తెలుసండీ?"

"ప్రజల్లో ఉండేవాళ్లం తల్లీ. మా యాప్ ఉంది. నువ్వు డౌన్‌లోడ్ చేసుకోలేదనుకో, అయినా నీ ఫోన్లోనే ఉంటది."

భయపడాలో సంతోషించాలో తేల్చుకునే తీరిక లేదు. ఆమె సంగతి చెప్పింది. బుల్లబ్బాయి కళ్లు చెమర్చాయి. పక్కనే ఉన్న ఫొటోగ్రాఫరు ఆ చెమ్మ ఆరకముందే ఫొటో తీశాడు.

సాయంత్రానికి గడియారం సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. పైన గుండ్రాల్లో పెద్ద నాయకులు. మధ్యలో నిలువెత్తు బుల్లబ్బాయి, దండం పెడుతూ. ఆయన మోచేతి కింద పోస్టల్ స్టాంపంత హిమజ. దాని పక్కన అక్షరాలు: 'డైనమిక్ యువ నాయకురాలు కుమారి పెచ్చెట్టి హిమజ, తండ్రి శ్రీ వీర్రాజు, బి.ఎస్సీ. కంప్యూటర్స్ ప్రథమ శ్రేణిలో పట్టా పొందిన శుభవేళ అభినందన మందారమాల.' కింద హాల్ టికెట్ నంబరు, పుట్టిన తేదీ, సబ్జెక్టుల వారీగా మార్కులు.

"యువ నాయకురాలేంటి అన్నయ్యా?" అంది హిమజ.

"అది మిషన్లో దానంతటదే వచ్చేత్తాదండి" అన్నాడు ఆదిబాబు. "మొన్న ఒకరి పెద్దకర్మ ఫ్లెక్సీలో కూడా వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు."

సంగతి ఊరంతా పాకింది. ఆ విశ్వవిద్యాలయంలో చదివిన ప్రతి పిల్లా, పిల్లాడూ ఏదో ఒక నాయకుడి మోచేతి కిందకు పరిగెత్తారు. బుల్లబ్బాయికి ప్రత్యర్థి అయిన గొర్రెల సూర్యకాంతమ్మ, తన దగ్గర సప్లిమెంటరీలో పాసైనవాళ్లకు కూడా సమాన అవకాశం ఉంటుందని ప్రకటించింది. గురువారం పొద్దుటికి గడియారంలో టైము కనిపించడం మానేసింది. ఊరివాళ్లు సెంటర్లో నిలబడి ఒకరి పిల్లల మార్కులు ఒకరు పైకి చదువుకుంటున్నారు. గోప్యతా ఉద్యమం దెబ్బకు ఆ ఊళ్లో దాపరికం అన్నది లేకుండా పోయింది.

మధ్యాహ్నం విశ్వవిద్యాలయం జీపు వస్తోందని కబురు అందింది. హిమజ పరుగున సెంటర్‌కు వచ్చి తలెత్తింది.  తన ఫ్లెక్సీ మీద సూర్యకాంతమ్మ చిరునవ్వు అడ్డంగా పరుచుకుని ఉంది. ఆమె మనుషులు అప్పుడే తాళ్లు బిగిస్తున్నారు. అడుగున 'మందారమాల' అన్న ఒక్క మాట మిగిలింది.

జీపు మలుపు తిరిగింది.

హిమజ అటూ ఇటూ చూసింది. పక్కనే ఆగి ఉన్న ఆటో బంపరు మీద కాలు పెట్టి, పైకి ఎగబాకి, టాపు మీద నిలబడింది. సూర్యకాంతమ్మ గారి గడ్డం రెండు చేతులతో పట్టుకుని పైకి లేపి పట్టింది.

"ఓయమ్మా, నా టాపు!" అని ఆటోవాడు అరిచాడు.

"కదలకు బాబాయ్, నీకు దండం పెడతా!"

శేషఫణి జీపు దిగాడు. నల్లద్దాలు సవరించుకుని తలెత్తాడు. "ప్రదర్శితమై ఉంది. అయితే ప్రదర్శన మాత్రమే చాలదు. సామాన్య పౌరుడి దృష్టికి వచ్చి ఉండాలి." దారినపోతున్న ఒక పెద్దావిడను ఆపాడు. "అమ్మా, అక్కడ ప్రస్తావించబడిన వ్యక్తి ఎవరో మీరు ఎరుగుదురా?"

"ఎరక్కపోవడమేంటి నాయనా? మన మోటార్ల వీర్రాజు కూతురు. లెక్కల్లో కొద్దిగా తగ్గింది గానీ బుద్ధిమంతురాలు. ఎనిమిదో క్లాసులో ఒకబ్బాయి దీనికి ఉత్తరం రాస్తే..."

"చాలు, చాలు!" శేషఫణి చెవులు మూసుకున్నాడు. "బహిరంగత నిర్ధారణ అయింది."

ఆటో మీద హిమజ చేతులు వదిలేసింది. సూర్యకాంతమ్మ గడ్డం మళ్లీ కిందికి జారి ఆమెను పూర్తిగా కప్పేసింది.

* * *

శుక్రవారం మధ్యాహ్నానికి కొత్త పట్టా చేతికి వచ్చింది. హిమజ దాన్ని పైనుంచి కింది దాకా చూసింది.

నియమం ప్రకారం బహిరంగ సమాచారాన్ని 'యథాతథంగా' ముద్రించారు. బంగారు అంచు, ముద్ర, వాటి కింద గుండ్రాల్లో పెద్ద నాయకులు, నిలువెత్తు బుల్లబ్బాయి, ఆయన మోచేతి కింద స్టాంపంత హిమజ, అడుగున ఉపకులపతి గారి నాలుగు వంపులు. మందారమాలతో సహా.

"నాయకుడి బొమ్మ తీసేయచ్చుగా సర్?"

"ఏది ఉంచాలో ఏది తీయాలో మేం నిర్ణయిస్తే, మీ సమాచారాన్ని మేం పరిశీలించినట్టవుతుంది" అన్నాడు శేషఫణి గంభీరంగా.

ఏదైనా సరే, పేరైతే ఉంది. అక్కడే ఫొటో తీసి పంపుదామంటే క్యాంపస్‌లో కెమెరా నిషేధం. ఆమె బస్సెక్కి, గడియారం సెంటర్లో దిగి, పట్టాను ఎండలోకి పట్టుకుని ఫోను తీసింది. అంతే. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి పట్టాను లాక్కుంది.

"ఏంటిది?"

ఆయన డిప్యూటీ తహసీల్దారు కొమ్ముల గాంధీ. ఉదయమే ఎన్నికల నోటిఫికేషన్ వచ్చింది. కోడ్ అమల్లోకి వచ్చింది. ఆయన దళం సెంటర్లో ఫ్లెక్సీలన్నీ విప్పి ట్రాక్టర్లో వేస్తోంది. గడియారం మళ్లీ బయటపడింది. నాలుగు దాటింది.

"అది నా డిగ్రీ పట్టా అండీ!"

"అభ్యర్థి చిత్రపటంతో కూడిన ప్రచార సామగ్రి. ఓటర్లను ప్రభావితం చేయు ఉద్దేశంతో బహిరంగంగా ఊపుచుండగా పట్టుబడినది. స్వాధీనం."

"ఊపలేదండీ, ఫొటో తీస్తున్నాను! అయిదులోగా పంపకపోతే నా ఉద్యోగం పోతుంది సర్!"

"కౌంటింగ్ అయిన మరునాడు వచ్చి తీసుకోవచ్చును."

ట్రాక్టర్లో బుల్లబ్బాయి మీద సూర్యకాంతమ్మ, ఆవిడ మీద మళ్లీ బుల్లబ్బాయి, వాళ్ల మోచేతుల కింద ఊరి పట్టభద్రులందరూ నలిగిపోతున్నారు. ఆ గుట్ట మీదికి హిమజ పట్టా వెళ్లి పడింది. తన దుకాణం ముందు నిలబడి చూస్తున్న ఆదిబాబు ఆమె దగ్గరకొచ్చి అన్నాడు.

"ఏడవకు చెల్లెమ్మా. ఆయన ఊరికే పట్టుకుపోడానికి లేదు. పంచనామా రాయాలి. నా మిషను పట్టుకెళ్లినప్పుడు బటన్లతో సహా రాశారు."

హిమజ ఏడుపు ఆగిపోయింది. మెల్లగా తల తిప్పి గాంధీ వైపు చూసింది.

"సర్, స్వాధీనం చేసుకున్న వస్తువును వర్ణించాలా?"

గాంధీ ఛాతీ విప్పారింది. "సమగ్రంగా! ఆనవాలు ఏ మాత్రం లోపించినా కోర్టులో నిలవదు. నా పంచనామా ఒక్కటి కూడా ఇంతవరకు కొట్టేయలేదు."

"అయితే రాయండి సర్. నేను చెప్తాను."

ట్రాక్టరు బానెట్ మీద కాగితం పరిచారు. గాంధీ పైకి చదువుతూ రాశాడు.

"వస్తువు: పట్టా ఒకటి. సదరు పట్టా కుమారి పెచ్చెట్టి హిమజ, తండ్రి వీర్రాజు, కొత్తలంక కాపురస్తురాలు అను ఆమెకు చెందినది. ఆమె బి.ఎస్సీ. కంప్యూటర్స్ నందు ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలు అయినట్లు అందు గలదు. హాల్ టికెట్ నంబరు..."

"మార్కులు కూడా సర్."

"మార్కులు ఈ దిగువ వివరించడమైనది. ఛాయాచిత్రంలోని వ్యక్తి, ఎదుట నిలబడి ఏడ్చి ప్రస్తుతము ఏడుపు మానిన వ్యక్తి ఒక్కరేనని పంచుల సమక్షంలో సరిపోల్చి రూఢి పరచుకొనడమైనది."

ఆదిబాబు ఒక పంచు, టాపు సొట్ట పోయిన ఆటోవాడు ఇంకో పంచు. ఇద్దరూ సంతకాలు చేశారు. గాంధీ మండల మేజిస్ట్రేటు ముద్ర తీసి, నోటితో ఆవిరి పట్టి, ఠప్పున కొట్టాడు. నకలు ఒకటి హిమజ చేతికి ఇచ్చాడు. "నకలు వస్తువు యజమానికి ఇవ్వడం మా బాధ్యత" అన్నాడు.

గడియారం ముల్లు అయిదుకు ఆనుకుంటుండగా ఆమె ఫొటో తీసి, పోర్టల్‌లో పెట్టి, బటన్ నొక్కింది. చక్రం తిరిగింది. తిరిగింది. ఇంకా తిరిగింది. ఆగింది. ఫోను మోగింది.

"మేడమ్, మృణాళినిని మాట్లాడుతున్నా. ఇదేంటి మేడమ్!"

"అంటే... అది కొంచెం..."

"పేరుంది, తండ్రి పేరుంది, మార్కులున్నాయి, మనిషిని ఎదురుగా పెట్టి ఫొటోతో సరిచూశారు. ఇద్దరు సాక్షులు. పైన మేజిస్ట్రేటు ముద్ర. ఈ కంపెనీలో ఇంత నిఖార్సైన సర్టిఫికెట్ నేను చూళ్లేదు. మా మేనేజర్ గారిది కూడా ఇలా లేదు. ఆయన్ని కూడా పట్టా ఒకసారి స్వాధీనం చేయించుకోమని చెప్తున్నా. సోమవారం వచ్చేయండి."

ఆ తర్వాత కథ త్వరగానే నడిచింది. సెంటర్లో పంచనామాల కోసం క్యూ కట్టారు. పట్టా ఉన్నవాళ్లంతా బుల్లబ్బాయి బొమ్మ అతికించుకుని, గాంధీ గారి జీపు కనబడగానే ఎదురెళ్లి ఊపడం మొదలుపెట్టారు. విషయం ఉపకులపతి గారి చెవిన పడింది. ఆయన మళ్లీ ఉత్సాహపడ్డారు. ఆ ఏటి స్నాతకోత్సవంలో విద్యార్థులకు పట్టాలు ప్రదానం చేసి ఊరుకోలేదు. వేదిక మీద ఒక్కొక్కరికీ ఇచ్చి, వెంటనే పంచుల సమక్షంలో స్వాధీనం చేసుకున్నారు.

వీర్రాజు మాత్రం కూతురి పంచనామాకు అద్దం కట్టించి దుకాణంలో, కౌంటరు మీద అందరికీ కనబడేలా తగిలించాడు. మోటారు బాగు చేయించుకోడానికి వచ్చినవాళ్లు దాన్ని చదివి, గొంతు తగ్గించి, జాలిగా అడుగుతుంటారు.

"పాపం, అమ్మాయి మీద ఏం కేసండీ?"

వీర్రాజు రాగితీగ చుట్టడం ఆపకుండా, తల మాత్రం కొంచెం ఎత్తి చెబుతాడు.

"ఫస్టు క్లాసండీ. ఆయ్."